ఆమె దేంట్లో బెస్ట్?

ఆఫీసులో నన్ను ‘ఆల్‌రౌండర్’ అంటారు. పొగడ్త అనుకోకండి. టెస్టింగ్ చేస్తా, డేటాబేస్ చూస్తా, ఎవరు లీవు పెట్టినా వాళ్ల పని నాకే వస్తుంది. అప్రైజల్ రోజు మాత్రం “నీ స్పెషలైజేషన్ ఏంటి?” అని అడుగుతారు. అందుకేనేమో, అగసర నందిని గురించి ఏది కనిపించినా వదలకుండా చదువుతా.

నందిని చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. మా జనగామలో, మానుకోటలో ఉన్నలాంటిదే. నాన్న ఎల్లయ్య హైదరాబాద్‌లో టీ అమ్మేవారు. కోచ్ నాగపురి రమేష్. మొదట్లో ఆమె పేరు హర్డిల్స్‌లోనే వినపడేది. 2021లో నైరోబీలో జూనియర్ ప్రపంచ పోటీల్లో పరుగెత్తింది కూడా అందులోనే. తర్వాత హెప్టాథ్లాన్‌కు మళ్లింది.

హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు పోటీలు. మొదటిరోజు హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు. మర్నాడు లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు. అసలు చిక్కు ఎక్కడంటే, ఇనుప గుండు విసరడానికి పెంచిన కండ 800 మీటర్ల పరుగులో బరువైపోతుంది. విడివిడిగా చూస్తే ఒక్కోదాంట్లో ఆమెను మించినవాళ్లు దొరుకుతారు. ఏడూ కలిపి చూస్తేనే లెక్క మారుతుంది.

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, 20 ఏళ్లకే, 5712 పాయింట్లతో కాంస్యం. నాలుగో స్థానంలో మన దేశానికే చెందిన స్వప్నా బర్మన్, 5708. తేడా నాలుగంటే నాలుగే పాయింట్లు! లాంగ్‌జంప్‌లో రెండు సెంటీమీటర్లు తక్కువ దూకినా పతకం చేజారేది. 2025లో గుమి ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 5941తో ఏకంగా స్వర్ణం.

ఇదంతా విని భూపాలపల్లిలో ఉండే మా చిన్నమ్మ కొడుకు, “మంచిగుంది గానీ, ఇంతకీ ఆమె దేంట్లో బెస్ట్?” అన్నాడు. పాయింట్ల పట్టిక వాట్సాప్‌లో పంపించా.