పందులకు విల్లు తెమ్మన్నోళ్లకు

టెక్సాస్‌లో కొడుకు దగ్గర నాలుగు నెలలు ఉండి పోయిన నెల ఊరికొచ్చినాను. అక్కడ విల్లు పట్టుకుని దిగిన ఫోటో పెట్టినప్పటి నుంచి ఒకటే అడగడం. "అన్నా, దాని స్పీడెంత?", "అన్నా, చెనిక్కాయ చేలో పందులు దిగతా ఉండాయి, ఒకటి తెప్పియ్యి" అని. మా బామ్మర్ది కొడుకైతే ఫోన్ చేసి, "మామా, దుడ్లు నేనిస్తా, అన్నిటికంటే స్పీడుది చూడు" అన్నాడు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తా ఉండా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మావాడు ఉండే ఊర్లో వేట సామాన్ల అంగడి ఉంది. వెనకాల గురి చూసి కొట్టే చోటు కూడా ఉంది. నేను రైతునని మావాడు చెప్పగానే అంగడాయన నవ్వి, మూడు విల్లులు తెచ్చి ముందర పెట్టినాడు. కంపెనీ పేర్లు రాయను, వాళ్ల ప్రచారం నాకెందుకు. వాటి అట్టల మీద 320, 335, 350 అని ఉంది. అంటే బాణం సెకనుకు అన్ని అడుగులు పోతుందని. 350 అంటే గంటకు 380 కిలోమీటర్ల పైమాటే.

ఇవి కాంపౌండ్ విల్లులు. రెండు కొసల్లో వంకర చక్రాలుంటాయి, వాటిని క్యామ్‌లంటారు. మిస్సోరి రాష్ట్రంలో హోలిస్ విల్బర్ అలెన్ అనే ఆయన దీన్ని తయారుచేసి 1969లో పేటెంట్ తీసుకున్నాడు. మామూలు విల్లు లాగే కొద్దీ బరువెక్కుతుంది. ఇది ముందు బరువెక్కి, చివర్లో తేలికైపోతుంది.

కపిల తోలినోళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. బాన నీళ్లలోంచి లేచేటప్పుడు ఎద్దుల మెడ మీద బరువు పడుతుంది. పైకొచ్చి నీళ్లు కాలవలో పడగానే మోకు తేలికవుతుంది, ఎద్దులు ఊపిరి తీసుకుంటాయి. ఇక్కడ కూడా అంతే. నాకు 50 పౌండ్లకు, అంటే 23 కిలోలకు కొంచెం తక్కువకు పెట్టినారు. పూర్తిగా లాగి పట్టుకున్నాక చేతిలో మిగిలేది అయిదు కిలోల లోపే.

మూడింటికీ బరువు ఒకటే పెట్టినా, లాగుడు మాత్రం ఒకటి కాదు.

మొదటిది 320ది. బరువు నిదానంగా ఎక్కింది, నిదానంగా దిగింది. పదిసార్లు లాగినా భుజం ఏమీ అనలేదు.

రెండోది రెండు మూడు అంగుళాలు లాగేసరికే మొత్తం బరువు మీద పడింది. చివరి దాకా తగ్గలేదు. ఒకే బస్తాను గుమ్మం దాకా మోసేది వేరు, ఊరి చివరి దాకా మోసేది వేరు కదా. అప్పుడు తెలిసింది, ఆ వేగం ఊరికే రాదు. మన భుజం పడిన కష్టాన్నే విల్లు దాచిపెట్టుకుని బాణానికిస్తుంది. ఎక్కువ వేగం కావాలంటే ఎక్కువ కష్టం పెట్టాల్సిందే.

మూడోది 350ది. బరువు చివరి దాకా పట్టి, గుంతలో కాలు పడినట్టు ఒక్కసారిగా తగ్గింది. ఆ తేలిక చోటు శానా సన్నం. హమ్మయ్య అని రవ్వంత సడలించినా, తాడు నా చేతిని ముందుకు గుంజుకుపోయింది. మందు ట్యాంకు మోసి మోసి అరిగిన భుజం ఇది, రెండు రోజులు పైకి లేవలేదు. తప్పు నాదే, ఆయన ముందే చెప్పినాడు. బాణం లేకుండా తాడు వదిలితే విల్లే పగిలిపోతుందంట, నయం, ఆ పని చేయలేదు.

ఇంకో సంగతి. అట్ట మీద వేగాన్ని 70 పౌండ్ల బరువు, 30 అంగుళాల లాగుడు, 350 గ్రెయిన్ల బాణం పెట్టి కొలుస్తారు. 350 గ్రెయిన్లంటే 23 గ్రాములు కూడా రాదు. నా చేతికి 28 అంగుళాలే సరిపోయింది, బరువు 50 పౌండ్లే. నా చేతిలో ఆ వేగం ఎట్లా వస్తుంది? బండి కంపెనీ చెప్పే మైలేజీ మన ఊరి దారిలో వస్తుందా?

ఇప్పుడు పందుల మాట. టెక్సాస్‌లో కూడా పందులు పంటలు నాశనం చేస్తాయి. అవి తెల్లోళ్లు తెచ్చిన సాకుడు పందులు అడివి పాలై పెరిగిన సంతతి. భూమి యజమాని ఒప్పుకుంటే అక్కడ వాటిని కొట్టొచ్చు. మన దగ్గర అడివిపంది వన్యప్రాణి. 1972 చట్టం ప్రకారం, పంట తింటా ఉన్నా సరే, అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా కొడితే కేసే. కష్టం మనదే, కోపం న్యాయమే, కానీ జైలుకు పోయేది కూడా మనమే.

కేసు పక్కన పెట్టండి. బాణం తగిలిన జంతువు అక్కడికక్కడే పడిపోదు. నెత్తురు కారతా పరిగెత్తుతుంది. అక్కడి వేటగాళ్లు కొంతసేపు ఆగి, నెత్తురు జాడ పట్టుకుని పోతారు. మగపందికి భుజాల మీద తోలు కింద గట్టి పొర ఉంటుంది, బాణం సరిగ్గా దిగకపోతే గాయంతో బతికే ఉంటుంది. మన చేల పక్కన చెరుకు తోటలు, కంపచెట్లు. పొద్దున్నే కసువుకు ఎవరు పోతారు? మన ఆడోళ్లు. నా చిన్నప్పుడు ఎవరో ఈటెతో పొడిచి వదిలేసిన పంది మా చిన్నమ్మ తొడ చీల్చింది. ఆమె ఇప్పటికీ కుంటతానే నడుస్తుంది. పొడిచినోడెవరో ఈరోజుకూ తెలీదు. ఫోన్‌లో మా అల్లుడికి ఇదే చెప్పినా. శానాసేపు మాట్లాడలేదు.

విల్లు వద్దనడం లేదు నేను. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది ఈ కాంపౌండ్ విల్లుతోనే. 2028 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో కూడా కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ ఉంది. మీ పిల్లలకు ఆశ ఉంటే నేర్పించండి. అయితే అట్ట మీద నంబరు చూసి కొనొద్దు. పోటీలో ఒక్క క్వాలిఫయింగ్‌లోనే 72 బాణాలు వేయాలి. పిల్ల చేత లాగించండి, పట్టుకోమనండి, బాణం వదలకుండా నిదానంగా వెనక్కి దించమనండి. దించేటప్పుడు చెయ్యి గుంజుకుపోతే ఆ విల్లు ఆ పిల్లకు కాదు. ఎద్దుల్ని కొనేటప్పుడు కొమ్ములు చూసి కొంటామా, కాడి కట్టి చూసి కొంటామా?

ఇక పందులకైతే, ఈసారి చెనిక్కాయ చుట్టూ ముళ్ల కుసుమ సాళ్లు వేస్తా ఉండా. మా అల్లుడు కూడా వాళ్ల చేలో వేస్తానన్నాడు. కరెంటు తీగ మాత్రం ఎవరూ పెట్టొద్దు, దండం పెడతా. పంట చేతికొచ్చినాక ఎట్లుంటే అట్లా ఇక్కడే రాస్తా, బాగున్నా, పోయినా.