పాడేరు కొండల్లో యాప్‌కి తెలియాల్సిన దారి

విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు వెళ్తుంటే కిటికీ పక్క సీటు పట్టండి. ఘాట్ మొదలయ్యాక మలుపు మలుపుకీ ఒక లోయ. మోదకొండమ్మ పాదాల దగ్గర బండ్లు ఆగి, దండం పెట్టుకుని ముందుకెళ్తాయి. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. రీల్స్‌కి బోలెడంత సరుకు! అప్‌లోడ్ చేద్దామంటేనే చాలాచోట్ల ఫోన్‌లో ఒక్క గీత కూడా ఉండదు.

మనకది చిన్న చిరాకు. ఇక్కడి ఆశా కార్యకర్తకి రోజూ ఉండే తంటా. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలు వచ్చారు. మామూలుగా వెయ్యి మందికి ఒకరని లెక్క. కొండల్లో ఇళ్లు విసిరేసినట్టుంటాయి కాబట్టి గూడేనికొకరిని పెట్టుకునే వెసులుబాటుంది. గర్భిణుల పేర్లు రాయడం, టీకాల రోజున పిల్లల్ని పోగెయ్యడం, జ్వరమొస్తే మలేరియా కిట్‌తో పరీక్ష చెయ్యడం, అన్నీ ఆమే.

యాప్‌లు తయారుచేసేవాణ్ని కదా, ఒకరోజు ఓ ఆశా అక్క వెంట గూడేలు తిరిగాను. ముందు రిజిస్టర్‌లో రాస్తుంది. సిగ్నల్ దొరికే గట్టెక్కాక అదే మళ్లీ ఫోన్‌లో కొడుతుంది. “ఒకే పని రెండుసార్లు తమ్ముడూ” అని నవ్వేసింది.

దీనికి మందు కొత్తదేం కాదు. ఏఎన్‌ఎంల కోసం వచ్చిన అన్‌మోల్ యాప్‌లో నెట్ లేకుండా రాసుకుని, తర్వాత పంపే ఏర్పాటుంది. లెక్క కూడా ఫోన్‌లోనే జరగాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ 7 గ్రాముల కన్నా తక్కువుంటే అది తీవ్రమైన రక్తహీనత. ఆ ఎర్ర గుర్తు గట్టెక్కాక కాదు, ఆమె గుమ్మంలోనే కనబడాలి.

అసలు చిక్కు కాన్పు తేదీ దగ్గరుంది. చివరి నెలసరి మొదటి రోజుకి 280 రోజులు కలపడం ఏ యాప్‌కైనా వచ్చు. కానీ రోడ్డు లేని గూడెంలో నొప్పులొస్తే కర్రకి దుప్పటి కట్టి, డోలీలో మోసుకుంటూ 108 ఆగే చోటుకి దిగాలి. రోడ్డుకి ఎన్ని గంటల నడక? మధ్యలో వాగుందా? పొంగితే వేరే దారుందా? మొయ్యడానికి మనుషులున్నారా? ఇవి ఆ అక్కకి నోటికొచ్చు. రాయడానికే ఫారంలో గడి లేదు.

ఆ నాలుగు గడులూ పెడితే హెచ్చరిక తేదీయే మారిపోతుంది. రోడ్డు పక్క ఊరికి వారం ముందు చెప్తే చాలేమో. వాగు అవతలి గూడేనికి వానాకాలంలో ఇంకా ముందే చెప్పాలి. అప్పుడే ఆమెని ఆస్పత్రి దగ్గర్లోని చుట్టాలింటికో, గర్భిణుల వసతి గృహానికో నిదానంగా నడిపించుకు రావచ్చు.

డోలీలు పోవాలంటే రోడ్లే పడాలి, అది యాప్ చేసే పని కాదు. ఏ గూడేనికి రోడ్డు లేదో గుర్తుపెట్టుకోవడం మాత్రం దాని పనే.