ఇరవై క్వింటాళ్ల సైకిల్‌

సైకిల్‌ కొన్నా అని ఫోన్‌లో చెప్పగానే బాపు అడిగిన మొదటి మాట, ‘ఎంత పడ్డది రా?’

పాతికవేలు అన్నాను. ‘సైకిల్‌కు పాతికవేలా!’ అని ఫోన్‌ అమ్మకిచ్చేసిండు. అసలు ధర రెండు లక్షల నలభై వేలు.

నాకు కాళ్లు పొడుగు, నడుం పైభాగం పొట్టి. షాపులో దొరికే ఏ సైజు తీసుకున్నా వంద కిలోమీటర్లు దాటేసరికి నడుం పట్టేసేది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం, వీకెండ్‌ వస్తే బీఆర్‌ఎం రైడ్లు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి. రేసు కాదు, ఫస్టు సెకండు ఉండవు. టైమ్‌లోపు వస్తే చాలు. ఆ నొప్పితో రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయాను. అందుకే కాళ్లు, చేతులు, భుజాలు టేపుతో కొలిచి చైనాలో ఒక వర్క్‌షాప్‌కు పంపాను. వాళ్లు డ్రాయింగ్‌ పంపారు, నేను మూడుసార్లు మార్పించాను. నాలుగు నెలలకు ఫ్రేమ్‌ వచ్చింది. గ్రావెల్‌ బైక్‌. చూడ్డానికి రేసు సైకిలే. కాకపోతే టైర్లు లావు, తారు మీదా పోతుంది, మట్టిబాటలోనూ పోతుంది.

టైటానియమే ఎందుకంటే, అదే సైజు స్టీల్‌ ముక్క బరువులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. తుప్పు పట్టదు. మన కంచన్‌బాగ్‌ మిధానిలో రాకెట్ల కోసం తయారుచేసే లోహం కూడా ఇదే. వెల్డింగే కష్టం. వేడి మీదున్నప్పుడు గాలి తగిలితే లోహం పెళుసవుతుంది, అందుకని గొట్టం బయటా లోపలా ఆర్గాన్‌ గ్యాస్‌ నింపి అతకాలి. హ్యాండిల్‌ కింది గొట్టం మీద ‘ఆర్మూర్‌’ అని తెలుగులో రాయించాను, పసుపు రంగులో. పెయింట్‌ కాదది. టైటానియానికి కరెంటు పెడితే పైన సన్నటి పొర వస్తుంది, వోల్టేజీని బట్టి రంగు మారుతుంది. ఈ ముచ్చట ఆఫీసులో అందరికీ చెప్పాను. ధర మాత్రం ఇంట్లో చెప్పలేకపోయాను.

కారణముంది. 2019లో నేను బీటెక్‌ ఫైనల్‌ ఇయర్‌. పసుపు క్వింటాల్‌ అయిదారు వేల చుట్టూ తిరుగుతున్న రోజులు. మద్దతు ధర కావాలి, పసుపు బోర్డు కావాలని మా రైతులు లోక్‌సభ ఎన్నికలకు నామినేషన్లు వేశారు. నిజామాబాద్‌ బరిలో మొత్తం 185 మంది, అందులో 170 మందికి పైగా రైతులే. దేశమంతా దాన్ని వింతగా చూసింది. మా ఇంట్లో మాత్రం ఆ యేడు నా ఫీజు ఎట్లా కట్టాలనేదే ముచ్చట. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. నా డిగ్రీ అప్పటికే పాతబడింది.

ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం, పొద్దున నాలుగింటికి కొంపల్లిలో బయల్దేరాను. ఆర్మూర్‌ దాకా దాదాపు 170 కిలోమీటర్లు, 44వ నంబర్‌ హైవే. మేడ్చల్‌, తూప్రాన్‌ చీకట్లోనే దాటిపోయాయి. రామాయంపేటలో ఇడ్లీ. కామారెడ్డి దాటాక నడుం మీద చెయ్యి పెట్టి చూసుకున్నా, నొప్పి లేదు! ఎదురుగాలి మాత్రం ఉంది, ఇందల్వాయి అడవిలో కూడా వదల్లేదు. జక్రాన్‌పల్లి దగ్గర హైవే దిగి బండ్లబాట పట్టాను. ఆ టైర్లకు అసలు పని అక్కడే. ఉడికిన పసుపు వాసన ముందు తగిలింది, తర్వాత దూరంగా నవసిద్ధుల గుట్ట నల్లరాళ్లు కనిపించాయి.

బాపు కల్లం దగ్గరే ఉన్నాడు, ఎండిన కొమ్ములు తిరగేస్తూ. సైకిల్‌ను ఒంటి చేత్తో లేపి చూసిండు.

‘లోపల ఏం లేదు గదరా?’

అంత దూరం తొక్కొచ్చి ఇంకా అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. చెప్పేశాను. రెండు లక్షల నలభై వేలు, బాపు.

ఏమనలేదు. కల్లం వైపు చూసి లెక్కేసిండు. క్వింటాల్‌ పన్నెండు వేలనుకుంటే ఇరవై క్వింటాళ్లు. ఎకరం పసుపు. జూన్‌లో విత్తు పెట్టిన కాడినుంచి తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టేదాకా తొమ్మిది నెలలు.

‘ఇరవై క్వింటాళ్ల సైకిల్‌కు స్టాండ్‌ లేదా?’

లేదన్నాను. క్యారియర్‌ కూడా లేదని నేను చెప్పకముందే చూసుకుండు. తాత ఇదే బాట మీద హీరో సైకిల్‌ క్యారియర్‌కు బస్తా కట్టుకుని మార్కెట్‌కు పోయేవాడట. బాపు బొటనవేలితో ‘ఆర్మూర్‌’ అక్షరాలు రుద్దిండు, రంగు పోతదేమోనని. పోలేదు. గొట్టం మీద ఆయన వేలి పసుపు అంటింది.

ఇంటికి నడుచుకుంటూనే వచ్చాం, సైకిల్‌ బాపే నడిపించిండు. గడపలో అమ్మ ఎదురొచ్చి చుట్టూ తిరిగి చూసింది.

‘గీ సన్నదానికి పాతికవేలా?’ అని బాపునడిగింది.

బాపు సైకిల్‌ను గోడకు ఆనిచ్చి, పడదని రెండుసార్లు కదిలించి చూసి అన్నాడు.

‘ఆ, పాతికవేలే. వానికి బువ్వ పెట్టు.’