ముప్పావు లీటరు

2025 జనవరి 12, ఆదివారం

పొద్దున్నే మా ఆవిడ సీసాలో ముప్పావు లీటరు నీళ్లు పోసి నా మంచం పక్కన పెడుతుంది. మర్నాడు పొద్దుటిదాకా నాకు అవే. టీ తాగితే ఆ మేరకు సీసాలోంచి తీసి కరివేపాకు మొక్కకి పోసేస్తుంది. మజ్జిగైనా అంతే, చారైనా అంతే. మాత్రలు వేసుకునే నీళ్లు కూడా లెక్కలోవే. మొదట్లో ఆ మొక్కని చూస్తే కోపం వచ్చేది. ఇప్పుడు దట్టంగా, ముదురు పచ్చగా ఎదిగింది. చూడబుద్ధేస్తోంది.

మొదటి గుక్క ఐదింటికి. వెంటనే మింగను. నాలుక కింద ఉంచి, బుగ్గల్లో తిప్పి, అంగిలికి తగలనిచ్చి అప్పుడు మింగుతాను. రాత్రంతా కుండలో ఉన్న నీళ్ల రుచి వేరు, అప్పుడే పట్టిన కుళాయి నీళ్ల రుచి వేరు. ఇన్నేళ్లూ చెంబు ఎత్తి గటగటా తాగాను కాబట్టి ఈ తేడా తెలియలేదు.

జనవరి 14, మంగళవారం. సంక్రాంతి

మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. పండగొచ్చినా ఆగదు. తెల్లవారకుండానే ఆటో వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లం నలుగురం కలిసి మాట్లాడుకున్న ఆటో. దారి పొడుగునా ముగ్గులు. డ్రైవరు ఒక్క ముగ్గు మీదికీ చక్రం పోనివ్వకుండా వీధుల్లో మెలికలు తిప్పుతూ నడిపాడు. దానికి కాస్త ఆలస్యమైంది కానీ ఎవరూ ఏమీ అనలేదు.

మా సెంటర్లో మిషను ఎక్కిన మొదటి గంటలో కాస్త ఏదైనా తిననిస్తారు. సిస్టరు ఇంటి నుంచి అరిసెలు తెచ్చింది. "సగమే మాస్టారూ" అని విరిచి పెట్టింది. ఎడమ చేతికి సూదులు, కుడి చేతిలో అరిసె. నువ్వుపప్పు ఒక్కొక్కటే పంటికింద నలిగేదాకా తిన్నాను.

జనవరి 19, ఆదివారం

ఎడమ మణికట్టుకు పైన ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. అక్కడ వేలు పెడితే నాడిలా కొట్టుకోదు. ఆగకుండా ఝుమ్మంటుంది. రోజూ తడిమి చూసుకోమన్నారు. ఆ అదురు ఆగిందంటే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ చేత్తో బరువెత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు.

రాత్రి మెలకువొస్తే కుడి చేత్తో తడుముకుంటాను. ఉంది. మళ్లీ నిద్రపడుతుంది.

ఇవాళ మనవడు నా చేతికి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "తాతా, నీ చేతిలో మోటారేసినారేటి?" అన్నాడు. వాళ్లమ్మ కసురుకోబోయింది. నేనే వద్దన్నాను. వాడికి ఆ చప్పుడంటే భయం లేదు. తర్వాత వాడి స్నేహితులు కూడా వరసకట్టి విన్నారు.

జనవరి 25, శనివారం

పక్క బెడ్డు మీద నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు పడ్డాడు. సొంతం కొంచెం జీడితోట, మిగతా రోజుల్లో కొబ్బరి దింపు. నలభై దాటలేదు. నన్ను చూడగానే అంత నీరసంలోనూ లేవబోయాడు. సిస్టరు భుజం పట్టి ఆపింది.

నాలుగు గంటలు పక్కపక్కన పడుకుని ఉంటే మాటలు రాకుండా ఉండవు. "మాస్టారూ, మీరు మ్యాపులు బాగా సెప్పేవోరు. ఈ జబ్బు మన ఉద్దానంలోనేనా, ఇంకెక్కడైనా ఉందేటి?" అని అడిగాడు. ఖాళీగా ఉన్న కుడి చేత్తో గాల్లోనే గీసి చూపించాను. ఇదిగో శ్రీలంక, ఉత్తర మధ్య భాగం, వరి పండించేవాళ్లు. అదిగో పసిఫిక్ ఒడ్డున నికరాగువా, ఎల్ సాల్వడార్, చెరకు నరికేవాళ్లు. ఇక్కడ కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. షుగరూ బీపీ ముందు లేకుండానే కిడ్నీలు పోతున్నవాళ్లు అన్నిచోట్లా ఉన్నారు. అన్నిచోట్లా ఎక్కువమంది ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లే.

"ఎందుకొస్తందో తెలిసిందేటి?"

భూమిలోని నీళ్లన్నారు, నీళ్లలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో నీళ్లు చాలక కిడ్నీలు ఎండిపోతున్నాయన్నారు. ఎన్నో బృందాలు వచ్చి నెత్తురూ నీళ్లూ పట్టుకెళ్లాయి. ఇదీ కారణం అని ఈనాటికీ తేలలేదు. అదే చెప్పాను. వాడు పైకప్పు చూస్తూ, "ఆళ్లకి ఉత్తరం రాయగలిగితే బాగుణ్ను" అన్నాడు. నికరాగువా వాళ్లకి. నాకు ఆ మాట చాలా నచ్చింది. ఏ భాషలో రాయాలని ఇద్దరం కాసేపు ఆలోచించాం.

ఫిబ్రవరి 4, మంగళవారం. రథసప్తమి

జిల్లేడాకులు తలమీద పెట్టుకుని తెల్లవారుజామునే స్నానం చేసి వెళ్లాను. అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్లే ఓపిక లేదు. సెంటర్లో నా బెడ్డు తూర్పు కిటికీ పక్కన. ఎండ నేరుగా కాళ్ల మీద పడింది. రక్తం బయటికి వెళ్లి వస్తున్నప్పుడు ఒళ్లు చలేస్తుంది. ఇవాళ వెయ్యలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆటోలో వెనక సీటు ఎడమ పక్కన కూర్చునే ఆయన రాలేదు. ఆదివారం రాత్రి ఆయాసం వచ్చిందట. శనివారం తర్వాత మళ్లీ మంగళవారం దాకా మిషను లేని ఆ రెండు రోజుల ఎడమే మాలాంటివాళ్లకు గండం. ఒంట్లో నీరు చేరిపోతుంది.

ఆయన బెడ్డు ఇవాళే ఇంకొకరికి ఇచ్చారు. ఇవ్వాలి కూడా. వరసలో ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. కొత్తగా వచ్చింది ఒక ఆడమనిషి. సూది చూడగానే కళ్లు గట్టిగా మూసుకుంది. "మొదటి రెండు మూడుసార్లే తల్లీ" అని చెప్పాను.

ఆయనకీ నాకూ పెద్ద పరిచయమంటూ లేదు. దారిలో జీడిపిక్కల ధర మాట్లాడుకునేవాళ్లం. ఇంటి పేరు కూడా ఇవాళే తెలిసింది. అయినా ఎత్తు దిగేచోట ఆటో కుదిపితే ఆయన నా ఎడమ చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టేవాడు.

ఫిబ్రవరి 15, శనివారం

ఆయన భార్య కొడుకు చేత ఆటో బాకీ పంపించింది. ఈ నెలలో ఆయన ఎక్కిన రోజులకి లెక్క కట్టి, చిల్లరతో సహా. ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు. డ్రైవరు తీసుకోనన్నాడు. కుర్రాడు సీటు మీద పెట్టేసి, "అమ్మ తిడతాది" అని వెళ్లిపోయాడు. డ్రైవరు ఆ నోట్లు జేబులో పెట్టుకోలేదు. స్టీరింగు దగ్గర దేవుడి పటం వెనక దోపాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

జీడి పూత వచ్చింది. సాయంకాలం గాలి తిరిగితే ఊరంతా ఆ వాసనే. పూత చిన్నది, లేత గులాబి చారలు. దగ్గరగా ముక్కు పెడితే అంతగా తెలియదు. తోట మొత్తం కలిసి వాసనేస్తుంది.

మా ఉద్దానం పంటలు మూడు: కొబ్బరి, జీడి, పనస. డాక్టరు రాసిచ్చిన కాగితంలో తినకూడని వాటి వరసలో ఈ మూడూ ఉన్నాయి. పొటాషియం, ఫాస్ఫరస్. నా తండ్రి పెంచిన చెట్లు, నన్ను చదివించిన చెట్లు. ఆ కాగితం మొదటిసారి చదివినప్పుడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఇప్పుడు తోటలోకి వెళ్లి కూర్చుంటాను. పొటాషియం నోట్లోంచి వెళ్తుంది గానీ ముక్కులోంచి కాదు కదా. పనస చెట్టు మొదట్లో చిన్న కాయలు దిగాయి, వేలెడంత. ముల్లింకా గట్టిపడలేదు. వేలితో రుద్దితే గరుకు గరుకుగా ఉంది.

ఫిబ్రవరి 26, బుధవారం. శివరాత్రి

ఊళ్లో కుర్రాళ్లు మహేంద్రగిరి ఎక్కడానికి వెళ్లారు. వయసులో ఉండగా నేనూ వెళ్లాను. దారిలో రాళ్ల మధ్య నుంచి వచ్చే సెలయేట్లో బోర్లా పడుకుని మూతి పెట్టి తాగాం. పళ్లు జివ్వుమన్నాయి. కడుపు నిండినా లేవలేదు. ఇప్పుడు దాహంతో నిద్ర పట్టనప్పుడు ఆ ఏరు తలుచుకుంటాను. కాస్త ఊరట. నిజంగానే నోరు ఊరుతుంది.

మా ఆవిడ ఉపవాసం. ఈసారి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. రాత్రి జాగారానికి గుడికి వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. "ఒక్కరోజుకే నా నాలిక పిడసకట్టుకుపోతంది. మీరెలాగుంటన్నారు?" అంది. పెళ్లయిన దగ్గర్నుంచి నా గురించి ఆవిడకి తెలియనిదంటూ ఏదీ లేదనుకునేవాణ్ణి. ఈ ఒక్కటీ తెలుసుకోవాలని ఈ వయసులో పట్టుపట్టి నీళ్లు మానేసింది. ఏం జవాబు చెప్పాలో తోచలేదు. చెయ్యి పట్టుకున్నాను.

మార్చి 13, గురువారం

ప్రపంచ కిడ్నీ దినం. సెంటర్లో బ్యానరు కట్టారు, ఫొటోలు తీశారు. మంచిదే. మా ఊళ్లో కిడ్నీల పరీక్షలో వచ్చే క్రియాటినిన్ అంకె తెలియని ఇల్లు లేదు. వీధిలో ఎదురుపడితే "తిన్నావా" తర్వాత అడిగేది అదే. సంబంధాలు చూసుకునేటప్పుడు కూడా ఉద్దానం అనగానే వెనకాముందూ ఆడేవాళ్లున్నారు.

సోమవారం బడికి వస్తానని హెడ్మాస్టరుకి చెప్పి ఒప్పించాను. పిల్లలతో చెప్పాల్సింది ఎక్కువేమీ లేదు. ఒళ్లు నొప్పులని కిళ్లీకొట్లో మాత్ర కొని మింగొద్దు, ఇంట్లో అమ్మానాన్నల్నీ మింగనివ్వొద్దు. తోటకి వెళ్లే నాన్న చేతికి నీళ్ల సీసా ఇచ్చి పంపండి. ఏడాదికోసారి నెత్తురు పరీక్ష చేయించుకోండి. ఈ జబ్బు చాలాకాలం నొప్పి లేకుండా లోపలే ఉంటుంది. వాపు కనిపించేసరికి కిడ్నీలు చాలా మటుకు పోయి ఉంటాయి.

మార్చి 17, సోమవారం

వెళ్లాను. చివర ఒక అమ్మాయి లేచి, "కుళాయి నీళ్లు మంచివేనాండీ?" అని అడిగింది. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పైపుల్లో మన మండలాలకు వస్తున్నాయి, 2023 డిసెంబరులో ఆ పథకం మొదలైంది, బోరు నీళ్లు మానేసి అవే తాగమని చెప్పాను. ఆ పిల్లల ఒళ్లు ఏం చెబుతుందో తెలియడానికి ఇంకో పాతికేళ్లు పట్టొచ్చు. నేను చూడను. వాళ్లు చూస్తారు.

మార్చి 23, ఆదివారం

బారువ ఒడ్డుకి మనవణ్ణి తీసుకెళ్లాను. అటవీశాఖ వాళ్లు ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని వదులుతున్నారు. అరచేతిలో పట్టేంత, నల్లగా, ఇసక అంటుకుని. వెయ్యింటికి ఒకటి పెద్దదవుతుందని చెప్పారు. వీడు మాత్రం అలలోకి వెళ్లిన ప్రతిదానికీ విడివిడిగా టాటా చెప్పాడు. అన్నీ వెళ్లిపోయేదాకా కదలలేదు. నాకు కాళ్లు లాగుతున్నా రమ్మనబుద్ధి కాలేదు.

మార్చి 30, ఆదివారం. ఉగాది

పచ్చడి ఒక చెంచా. చింతపండు బాగా తగ్గించి, వేపపువ్వు మాత్రం అందరికంటే నాకే ఎక్కువ వేసింది.

ఏప్రిల్ 6, ఆదివారం. శ్రీరామనవమి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారి తలుపు తీస్తే తోటలోంచి సముద్రం దిక్కు నేరుగా కనబడింది. అంతకు ముందు ఎప్పుడూ కనబడలేదు, చెట్లు అడ్డం. నా తండ్రి నాటినవి తలలు విరిగి, వేళ్లతో లేచి, ఒకదాని మీద ఒకటి పడున్నాయి. ఊళ్లో మగవాళ్లు కూడా బావురుమన్నారు. మరుసటేడు వానలకి కొత్త మొక్కలు పెట్టాం. కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. అప్పటికే నాకు క్రియాటినిన్ పెరగడం మొదలైంది. "మీరు తినేదా, నేను తినేదా, ఎందుకీ చాకిరీ" అని మా తమ్ముడన్నాడు. అయినా పలుగు పట్టుకుని గోతులు తీసింది వాడే.

బావి పక్కనున్న చెట్టు ఈ ఏడు గెల వేసింది. ఇవాళ మొదటి బొండాలు దింపించాం. కత్తి వేటుకి మూత లేవగానే నీళ్లు చిమ్మి నా మోచేతి మీద పడ్డాయి. చల్లగా. మనవడు బొండాం రెండు చేతులతో ఎత్తి తాగాడు. గొంతు కిందికీ మీదికీ కదులుతోంది. గడ్డం మీదుగా చొక్కా తడిసింది. మధ్యలో ఆపి ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలెట్టాడు. నేను కళ్లు తిప్పలేదు. ఇంతకంటే మంచి దృశ్యం ఈ ఏడాది చూడలేదు.

"ఎలాగుందిరా?"

"కొంచెం ఉప్పగా, ఎనకాల తియ్యగా ఉంది తాతా."

అదే, మా నేల రుచి అదే. సముద్రం పక్క ఇసక నేల. నా చిన్నప్పుడు ఈ తోట బొండాం అలాగే ఉండేది. చెట్లు వేరైనా అదే రుచి దిగింది.

ఏప్రిల్ 9, బుధవారం

కాగితాలన్నీ ఒక సంచిలో సర్దాను. పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు పుస్తకం, కుటుంబ పింఛనుకి కావలసినవి. పైన ఒక తెల్లకాగితం పెట్టి రాశాను. ఊపిరి అందకపోతే మామూలుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇక లాభం లేదని డాక్టరంటే విశాఖ అనీ వెంటిలేటరనీ తిప్పొద్దు, ఇంటికి తెచ్చేయండి. కట్టెలకి పెరట్లో ఎండిన మామిడి ఉంది, అది చాలు. కాపున్న చెట్టు ఏదీ కొట్టొద్దు. పెద్దకర్మకి అప్పు చేయొద్దు. నా గ్లోబు బడికి ఇచ్చేయండి, స్టాండు స్క్రూ బిగించాలి.

మా ఆవిడకి చదివి వినిపించాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. గోడకి ఆనుకుని మొత్తం విని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆటో బాకీ రాయలేదేటి?" అంది.

రాశాను. నిచ్చెన కొబ్బరి దింపు వాళ్లదని, తిరిగివ్వాలని కూడా రాయమంది. అదీ రాశాను. "మామిడి కట్టెలు వానకి తడిసిపోకుండా రేకు కింద పెట్టిస్తాను" అంది.

రేపు గురువారం. ఐదింటికి ఆటో.