పక్క మారితే

జూన్ 12, సోమవారం

తెల్లారగట్ల అమ్మ కేక. వెళ్ళేసరికి మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. “మంచం తిరగబడిపోతోందే!” కుడివైపుకి ఒత్తిగిల్లిందట, అంతే. నిమిషంలోపే తగ్గింది గానీ వాంతయింది. మాట తడబడలేదు, చేతులు రెండూ సమంగా ఎత్తింది, నడక తూలలేదు. వాటిలో ఏది తేడా వచ్చినా పక్షవాతమేమోనని అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. పక్కింటి పిన్నిగారు పైత్యం అని తేల్చేసి నిమ్మకాయ నీళ్ళు తెచ్చారు. సాయంత్రం డాక్టరు మాత్రలు రాశాడు.

జూన్ 14

మాత్రలతో మగత తప్ప మరేం లేదు. బీపీ పడిపోతోందని ఫోన్లో అందరూ చెప్పేవాళ్ళే. అదైతే లేచి నిలబడ్డప్పుడు రావాలి కదా? అమ్మకి పక్క మీద దొర్లినా, అటక కేసి తలెత్తినా వస్తోంది.

జూన్ 16

చెవి డాక్టరు. అమ్మని బల్ల మీద కూచోబెట్టి, తల కుడికి సగం తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి తల బల్ల అంచు కిందికి వాల్చాడు. “కళ్ళు మూయకండమ్మా, నా ముక్కు కేసి చూడండి.” రెండు మూడు క్షణాలు ఏమీ లేదు. ఉన్నట్టుండి కనుగుడ్లు పైకి ఎగిరెగిరి పడుతూ, కింది చెవి వైపుకి మెలితిరగడం మొదలెట్టాయి. అమ్మ గోళ్ళు నా మణికట్టులో దిగాయి. కాసేపటికి కనుగుడ్లు వాటంతటవే ఆగాయి. తర్వాత తల ఎడమకి, ఒళ్ళంతా ఎడమ పక్కకి, ముఖం నేలకేసి, ఆపైన లేపి కూచోబెట్టడం. ఒక్కోచోట అర నిమిషం పైగా ఆపాడు. సూది లేదు, మందు లేదు.

జూన్ 17

లోపలి చెవిలో ఒక చిన్న సంచి, దాన్ని ఆనుకుని ద్రవం నిండిన మూడు వంపు గొట్టాలు. సంచిలోని జిగురు మీద కాల్షియం కార్బొనేట్ రేణువులుంటాయి, సుద్ద జాతివే. వయసుతోనో, తలకి దెబ్బ తగిలో అవి ఊడి గొట్టంలో పడతాయి. తల ఆగినా అవి జారుతూనే ఉంటాయి, ద్రవాన్ని లాగుతాయి. ఆ చెవి ‘తిరుగుతున్నాం’ అంటుంది, రెండోది ‘లేదు’ అంటుంది. రేణువులు అడుగున చేరేదాకా మెదడుకి ఈ తగువు తప్పదు. నిన్నటి తిప్పుళ్ళన్నీ వాటిని తిరిగి సంచిలోకి దొర్లించడానికే. ఆ పని మాత్రలెలా చేస్తాయి?

ఇలా తల వాల్పుతో వచ్చే తిరుగుడు గురించి రాబర్ట్ బరాని 1921లోనే రాశాడు. తనకి 1914 నోబెల్ ప్రకటించేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. తల తిప్పే ఈ వైద్యం అమెరికా డాక్టరు జాన్ ఎప్లీది. తోటివాళ్ళు చాన్నాళ్ళు నమ్మలేదట. 1992లో గానీ ఆయన వ్యాసం పత్రికకెక్కలేదు.

అన్ని తిరుగుళ్ళూ ఇదే కాదు. గంటల తరబడి తిరిగి, చెవిలో హోరు, వినికిడి తగ్గడం కూడా ఉంటే మెనియర్ అనే చెవి జబ్బు కావచ్చు. రోజుల తరబడి వదలకపోతే చెవి నరం వాపు కావచ్చు.

జూన్ 20

మళ్ళీ రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు, విటమిన్ డి పరీక్ష కూడా రాశాడు. ఇప్పటికైతే రాలేదు. కుడివైపుకి తిరిగి పడుకోవే అంటే అమ్మ ఒప్పుకోదు. “అంత సరదాగా ఉంటే నువ్వు తిరుగు” అంటుంది.