ఏ ఊరమ్మా మీది?

మేమిద్దరం అక్కచెల్లెళ్లం. విజయనగరంలో పుట్టాం. వేసవి సెలవులన్నీ శ్రీకాకుళంలో నానీ ఇంట్లో గడిపాం. 2018 సెప్టెంబరులో చెరో సంచీ వీపుకి తగిలించుకుని 18 రోజులు యూరప్‌లో తిరిగొచ్చాం. పారిస్, బార్సిలోనా, కొర్డోబా, గ్రనాడా. ఇందులో గొప్పేముందని మీరు అడగొచ్చు. వీధికొకరు విదేశాల్లో ఉన్న రోజుల్లో నిజంగానే గొప్పేమీ లేదు. కానీ మగతోడు లేకుండా ఇద్దరాడపిల్లలు చూడ్డానికే, ఊరికే తిరగడానికే వెళ్తామంటే అబ్బా రెండు రోజులు మాతో మాట్లాడలేదు. అమ్మీ మాత్రం, "నేను బాబామెట్ట దాటి ఎటూ ఎరగను, మీరన్నా చూసి రండి" అంది.

వీసా దగ్గరే మొదటి పరీక్ష. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు షేక్, ఇంకొకరి దాంట్లో షేఖ్. బళ్లో పేరు రాసుకున్న పంతుళ్ల చెవులు వేరు మరి. ఒకే తల్లి కడుపున పుట్టామని అఫిడవిట్ రాయించుకోవలసి వచ్చింది. మేం ఎవరమో కాగితం మీద రుజువు చేసుకోవడం మాకు కొత్తేం కాదు గానీ, అక్కచెల్లెళ్లమని రుజువు చేసుకోవడం మాత్రం అదే మొదలు.

నానీ చెరో పొందూరు ఖద్దరు దుపట్టా ఇచ్చింది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి తీసే నూలు. ఆ దుపట్టాయే మాకు తువ్వాలు, దుప్పటి, జానమాజ్. పారిస్‌లో సన్న తుంపర పడుతుంటే తలమీద వేసుకున్నాం. హాస్టల్లో పక్క మంచం పిల్ల చాలా జాలిగా అడిగింది, ఇంట్లో బలవంతపెడతారా అని. వానకమ్మా అన్నాం. ఆమె నమ్మలేదు. 2004లో సర్కారు బళ్లలో తలగుడ్డ కూడదని చట్టం చేసుకున్న దేశం. అక్కడ తలమీద గుడ్డ ఉత్త గుడ్డ కాదు.

పారిస్‌లో మేం ముందు వెతికింది ఈఫిల్ టవర్ కోసం కాదు, బుస్సీ కోసం. నవ్వకండి. బళ్లో బొబ్బిలి యుద్ధం పాఠం వచ్చిన రోజు క్లాసంతా మావైపు తిరిగేది. "హైదర్ జంగ్ మీవోడే గదేటి?" 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడింది ఫ్రెంచి ఫిరంగులు. వాటిని వెంటబెట్టుకెళ్లింది విజయనగరం రాజు విజయరామరాజు. హైదర్ జంగ్ బుస్సీ దగ్గర దివాను. మమ్మల్ని ఏడిపించిన పిల్లలందరిదీ విజయనగరమే, ఆ రాజు ఊరే! వాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు. పేరు కలిసిన పాపానికి జవాబు మేం చెప్పాలి. ఆరో క్లాసు పిల్లలం, ఏం చెబుతాం? 1964 నాటి సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా మర్నాడు బడికి వెళ్లాలంటే భయం.

అందుకే బుస్సీ ఊరు చూడాలనుకున్నాం. రూ ద బూసీ అని ఒక వీధి కనిపిస్తే బోర్డు కింద నిలబడి ఫొటో దిగాం. రాత్రి చదివితే తేలింది, ఆ బూసీ వేరే, 14వ శతాబ్దపు న్యాయాధికారట. మేం పలకరించిన ఒక్కరికీ బొబ్బిలి తెలీదు. బుస్సీ పేరు చెప్పి అక్కడ ఏ పిల్లనీ ఎవరూ ఏడిపించి ఉండరు. ఆ రాత్రి చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు.

పారిస్ నుంచి బార్సిలోనాకి ఆరున్నర గంటల రైలు. టిక్కెట్టు కనిపించక మాలో మేం కీచులాడుకుంటున్నాం. "ఏటే, ఎక్కడెట్టీసినావే?" "నానెట్టనేదు, నువ్వే ఎట్టినావు." వెనక సీట్లోంచి ఒకావిడ దిగ్గున లేచింది. "ఒలమ్మా! ఏ ఊరమ్మా మీది?" పాలకొండ వైపు ఆవిడ. భర్తకి జర్మనీలో ఉద్యోగం. సిక్కోలు యాస విని ఏడేళ్లయిందట, కళ్లు చెమర్చాయి. చేగోడీలు తీసింది, డబ్బాలోంచి పులిహోర పెట్టింది. "నువ్వు తినవేటే, చిక్కిపోయావు" అని మాలో చిన్నదాన్ని కోప్పడింది. సిరిమానోత్సవం ఎక్కణ్ణుంచి చూస్తారని అడిగితే, గంటస్తంభం దగ్గర చుట్టాల మేడమీద నుంచి అన్నాం. పైడితల్లమ్మ జాతరకి జనం తోసుకోవడం గురించి ముగ్గురం ఒకేసారి మాట్లాడాం. అరగంట గడిచాక అంది, "అన్నట్టు, పేర్లే అడగలేదు."

చెప్పాం.

కోపం రాలేదు ఆవిడకి. ముఖం మాడ్చుకోలేదు. చాలా మంచి మనిషి, ఇప్పటికీ అదే మాట అంటాం. "అవునా! అస్సలు తెలీలేదండీ. మీ తెలుగు చాలా బావుందండీ" అంది. అంతవరకూ నువ్వు అన్న నోరు మీరు అంది. మా విస్తరాకు, అదే ఆ కాగితప్పళ్లెం వైపు చూసి, "ప్రసాదం కాదులెండి, పర్లేదు తినండి" అంది. అరగంట ముందు మా తెలుగు బాగుందో లేదో ఎవరికీ పట్టలేదు. అది మా నోట్లో నాలుక. పేరు చెప్పగానే నేర్చుకున్న విద్య అయిపోయింది. పులిహోర తిన్నాం. బాగుంది. ముద్ద దిగడమే కష్టమైంది.

బార్సిలోనాలో రావల్ అనే పేటనిండా పాకిస్తానీ దుకాణాలు. పులావు వాసనకి ఒకదాంట్లోకి వెళ్లాం. మళ్లీ వడ్డించబోతే "నక్కో భాయ్" అన్నాం. అతను పగలబడి నవ్వాడు. ఇదేం ఉర్దూ అని లోపలి కుర్రాణ్ణి కూడా పిలిచి మాతో మళ్లీ అనిపించాడు. ఇంట్లో మేం మాట్లాడేది అదే. సగం దక్కనీ, సగం సిక్కోలు. రైల్లో మా తెలుగు మాది కాకుండా పోయింది, ఇక్కడ ఉర్దూ కూడా పోయింది.

డబ్బులిస్తుంటే అతను గొంతు తగ్గించి అడిగాడు, "అక్కడ మీకు చాలా కష్టమట కదా?" మేం ఇద్దరం ఒకేసారి, "మా ఊళ్లో అలాంటిదేమీ లేదు" అన్నాం. బాబామెట్ట ఖాదర్ వలీ దర్గాకి హిందువులూ వస్తారని, రంజాన్‌కి మా సేమియా అందరిళ్లకీ వెళ్తుందని గడగడా చెప్పాం. అవన్నీ నిజాలే. విశాఖలో పేరు వినగానే "ఇల్లు ఖాళీ లేదమ్మా" అన్న నాలుగిళ్లూ నిజమే. ఆ నాలుగిళ్లు అతనికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఇంటి గుట్టు బయట పెట్టకూడదనా? లేక మీరు వినాల్సింది అతనికి చెప్పి లాభం లేదనా? బయటికొచ్చి సముద్రం దాకా మాట్లాడుకోకుండా నడిచాం.

కొర్డోబా మసీదు 8వ శతాబ్దంలో మొదలెట్టి కట్టుకుంటూ పోయింది. ఎనిమిది వందలకు పైగా స్తంభాలు. 1236లో చర్చి అయింది, 16వ శతాబ్దంలో నడిమధ్యన పెద్ద కెథీడ్రల్ లేపారు. లోపల నమాజ్ చెయ్యనివ్వరు. దుపట్టా తలమీదికి లాక్కుంటే కాపలా అతను మా వెనకే నాలుగు వరసలు నడిచాడు. కడుపులో తిప్పినట్టయింది. 1992 డిసెంబరు గుర్తొచ్చింది. అయితే మసీదుకి ముందు అక్కడ ఒక చర్చి ఉండేదని కూడా చెబుతారు. అది చదివాక ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో మాకు తెలీలేదు. శ్రీకాకుళం జామియా మసీదు గుర్తొచ్చింది. 1641లో కుతుబ్ షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించినది. నానా అక్కడే చెప్పులు విప్పేవాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మావాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. అయినా దాదాపు నాలుగు వందల ఏళ్లుగా అక్కడే ఉన్నాం. ఎప్పుడొచ్చారు అని ఇంకా అడుగుతారు.

గ్రనాడాలో అల్హంబ్రా చూశాం. ఫొటోల్లో మీరు చూసిందే. మమ్మల్ని పట్టుకున్నది ఎదురు కొండమీది అల్బైసిన్ పేట. 1492లో కోట పోయాక, మతం మార్పించాక, 1567లో రెండో ఫిలిప్ రాజు ఇంకో ఉత్తర్వు తెచ్చాడు. అరబ్బీ మాట్లాడకూడదు, రాయకూడదు, ఆ పేర్లూ ఆ బట్టలూ ఉండకూడదు. మూడేళ్లలో కాస్టిలియన్ నేర్చుకోవాలి. అప్పుడు ఫ్రాన్సిస్కో నూనెజ్ ములే అనే ముసలాయన అధికారులకి అర్జీ పెట్టుకున్నాడు. మాటకీ మతానికీ సంబంధం లేదు, అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు లేరా అని వాదించాడు. ఎవరూ వినలేదు. తిరుగుబాటు జరిగింది, అణిచేశారు. 1609 నుంచి వాళ్ల వారసుల్ని ఓడలెక్కించి స్పెయిన్ నుంచే పంపేశారు. ఆ అర్జీ సంగతి హాస్టల్ వరండాలో ఒకరు చదువుతుంటే ఒకరు విన్నాం. నాలుగున్నర శతాబ్దాల కిందటి ఆ ముసలాయన మా అబ్బాలా అనిపించాడు. అబ్బా కూడా అంతే, మునిసిపాలిటీకి అర్జీ అచ్చతెలుగులో రాస్తాడు, ఒక్క తప్పు ఉండదు.

ఆ పేటలోనే 2003లో కొత్త మసీదు తెరిచారు. అక్కడ పొందూరు దుపట్టాలు పరుచుకుని అసర్ చదివాం. పక్కన కూర్చున్న స్పానిష్ పెద్దావిడ గుడ్డ ముట్టుకుని చూసింది. ఏ ఊరిదని చేత్తో అడిగింది. "సిక్కోలు" అన్నాం. ఇండియా అనలేదు, ఎందుకో. ఆవిడ నోరు తిరగక రెండుసార్లు ప్రయత్నించి పలికింది.

తిరిగొచ్చి విజయనగరం స్టేషన్లో తెల్లారుజామున దిగాం. మంచు పడుతోంది, తలలమీద దుపట్టాలు. ఆటో అతను మా సంచులూ మమ్మల్నీ ఎగాదిగా చూసి, "కహా జానా హై మేడమ్?" అన్నాడు.

"ఏటి బాబూ, కంటోన్మెంటుకి ఎంత పుచ్చుకుంతావు?"

"ఓలమ్మ, మనోల్లేనేటి" అని నవ్వి సంచులు అందుకున్నాడు. వంద రూపాయలన్నాడు. ఎనభైకి బేరమాడాం. దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. పేర్లు అడగలేదు. మేమూ చెప్పలేదు.