రెండు పనుల ట్రిగ్గర్

2016లో నాన్న పోయాక, పెద్దకర్మ ముగిసిన మర్నాడు బీరువా తెరిచారు. నగలు, పొలం కాగితాలు, ఒక రివాల్వర్. మొదటి రెండింటి గురించి మాట్లాడటానికి చాలామంది ఉన్నారు. మూడోదాని దగ్గరికొచ్చేసరికి అందరూ నా వైపు చూశారు. "విజయవాడలో ఒంటరిగా ఉంటున్నావు, నీ పేర లైసెన్సు రాయించుకో" అన్నాడు అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య. ఆడవాళ్ళ కోసమే తయారుచేశామంటూ 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం విడుదల చేసిన 'నిర్భీక్' సంగతి కూడా చెప్పాడు. అరకిలో బరువు, ఆరు తూటాలు, ధర 1,22,360 రూపాయలు. "మనకి ఆ ఖర్చు కూడా లేదు, నాన్నదే ఉంది కదా!"

నాన్నది ఇంగ్లండులో చేసిన పాత వెబ్లీ అండ్ స్కాట్. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ తర్వాత కొన్ని నెలలకి నాన్న లైసెన్సు తెచ్చుకున్నాడు. చచ్చిపోయింది వాళ్ళు, భయపడి ఆయుధం కొన్నది మేము! ఆ లెక్క నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

దాంతో దొంగల్ని బెదిరించిన రోజు ఒక్కటీ లేదు. కౌలు లెక్కలు తేలనప్పుడు, అమ్మ ఎదురు మాట్లాడినప్పుడు, నేను పై చదువు అన్నప్పుడు అది బీరువాలోంచి భోజనాల బల్ల మీదికి వచ్చేది. నాన్న దాన్ని ఎవరికీ గురిపెట్టేవాడు కాదు. పళ్ళెం పక్కన ఉంచి అన్నం తినేవాడు, అంతే. మేం ముగ్గురం గొంతులు తగ్గించేవాళ్ళం.

1993 దసరాకి తూటాలు తీసేసి మా ఇద్దరి చేతా నొక్కించాడు. అన్నయ్య నొక్కితే టక్కుమంది. నా వేలు నొప్పెట్టింది గాని ట్రిగ్గర్ చివరిదాకా రాలేదు. "ఆడచెయ్యి" అని నవ్వాడు నాన్న. ఆ మాట నాలో ఎంత లోతుగా దిగిందంటే, తర్వాత స్కూటరు స్టాండు వెయ్యలేకపోయినా, సీసా మూత తియ్యలేకపోయినా అదే వినపడేది.

లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆయుధాన్ని పోలీసు స్టేషన్లోగాని, లైసెన్సున్న డీలరు దగ్గరగాని అప్పగించాలని 1959 ఆయుధాల చట్టం చెబుతుంది. మేం డీలరు దగ్గర పెట్టాం. ఉంచుకోవాలన్నా అమ్మాలన్నా పరీక్ష చెయ్యాలంటే నేనే వెళ్ళాను. మరమ్మతు చేసే పెద్దాయన ముందు గొట్టం మడిచి తెరిచి, ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని నాకు చూపించాడు. తర్వాత సిలిండర్ వేలితో తిప్పాడు. హాయిగా తిరిగింది. "తూటా అంచు పైకి లేచినా, ఎజెక్టర్ కింద మురికి చేరినా ఇది ఒరుసుకుంటుందమ్మా, అప్పుడు ట్రిగ్గర్ బరువనిపిస్తుంది. ఇక్కడ ఆ జబ్బు లేదు." మూసి ట్రిగ్గర్ నొక్కాడు. సగం దాకా వచ్చి ఆగిపోయింది. వేలు తీసేసినా వెనక్కి రాలేదు. "స్ప్రింగు విరిగితే వదులుగా ఊగులాడుతుంది. ఇది బిగుసుకుంది."

1993 నాటి ముచ్చట చెప్పాను. ఆయన నవ్వలేదు. డబుల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్‌కి రెండు పనులట. సుత్తిని వెనక్కి లేపాలి, సిలిండర్‌ని ఒక గది తిప్పుతూ. తర్వాత సుత్తిని వదలాలి. అందుకే మామూలుగానే నాలుగైదు కిలోల బలం కావాలి. బొటనవేలితో ముందే సుత్తి లేపిపెడితే ట్రిగ్గర్‌కి మిగిలేది ఒకటే పని, అందులో సగం బలం చాలు. "మీ అన్నగారికి ఎవరో లేపి ఇచ్చుంటారు" అన్నాడు. నాన్న బొటనవేలు అప్పుడు గుర్తొచ్చింది. అన్నయ్య చేతికిచ్చే ముందు వినిపించిన ఆ చిన్న చప్పుడు కూడా. ఇరవై మూడేళ్ళు నేను నా చెయ్యిని అనుమానించాను.

పిడి చెక్కలు విప్పి ఆయన నొసలు ముడిచాడు. స్ప్రింగు చుట్టూ, ట్రిగ్గర్ సందుల్లో పసుపూ ఎరుపూ కలిసిన గట్టి జిగురు. "దీనికి వంటనూనె పోసిందెవరమ్మా? నువ్వుల నూనె ఆరితే బంక. దాంట్లో పసుపు, కుంకుమ."

ఆయుధపూజ! ఏటా దసరాకి అమ్మే చేసేది. నాన్న స్నానం చేసి వచ్చేలోపు పసుపు రాసి, బొట్లు పెట్టి, నూనె దీపం ముందుంచేది. ఎన్నో దసరా నుంచి అది పేలడం మానేసిందో తెలీదు. బల్ల మీద మాత్రం ఆఖరి ఏడాది దాకా ఉంది. మేం గొంతులు తగ్గిస్తూనే ఉన్నాం. అమ్మ మాత్రం మధ్యలో ఎప్పుడో తగ్గించడం మానేసిందని ఇప్పుడు లెక్కేసుకుంటే తోస్తోంది.

ఆ సాయంత్రం ఫోన్ చేసి అడిగాను, "నూనె అందులో ఎందుకు పోశావమ్మా?"

"దీపంలో మిగిలింది పోశాను. పూజ చేసే దాన్ని నూనె లెక్కలడుగుతారా ఎవరైనా?"

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"బాగు చేశాడా?"

"శుభ్రం చేస్తే సరిపోతుందట."

"అయితే ఇంటికి తేకు" అంది.

లైసెన్సు కోసం నేను దరఖాస్తు పెట్టలేదు. అమ్మెయ్యమని డీలరుకి రాసిచ్చాను. నాకు భయం లేదని కాదు. రాత్రి ఆలస్యంగా ఆటో దిగి నడిచేటప్పుడు తాళంచెవి వేళ్ళ మధ్య పట్టుకునే నడుస్తాను. అన్నయ్యకి కోపం వచ్చింది. "రేపేదైనా అయితే?" అన్నాడు. మా ఇంట్లో 'ఏదైనా' పళ్ళెం పక్కనే ఉండేదని అతనికి చెప్పాను. అతను ఆ బల్ల దగ్గర నాతోపాటే కూర్చున్నవాడు. చాలాసేపు ఏమీ అనలేదు.